మలుపు దగ్గర కంచం

మెయిన్ రోడ్డు మీంచి మా కాలనీలోకి తిరిగే మలుపు దగ్గర ఒక రేకుల పందిరి ఉంది. పందిరి కింద బల్ల, బల్ల మీద మడత పెట్టిన పాత రగ్గు, దాని మీద అక్కడక్కడా కాలిన తెల్ల గుడ్డ. ఆ బల్ల వెనకాల పొద్దున్నించి పొద్దు వాలేదాకా నిలబడే మనిషిని మేమంతా ఇస్త్రీ పిన్ని అంటాం. ఎవరికి పిన్ని అంటే ఎవరూ చెప్పలేరు. పళ్లూడిన ముసలాయన కూడా వచ్చి "పిన్నీ, నా చొక్కా అయిందా?" అంటాడు.

"మీ అమ్మకి చెల్లెలినా నేను? మరి ఆస్తి పంచుకునేటప్పుడు కబురు చెయ్యలేదేం?" అంటుంది పిన్ని, తలెత్తకుండా.

పిన్ని నోరు అలాంటిది. కోపంగా వచ్చినవాడు కూడా నవ్వుకుంటూ పోవాల్సిందే. ఒకసారి ఒకాయన చొక్కా ఆలస్యమైందని రోడ్డు మీద చిందులు తొక్కుతుంటే, పిన్ని బొగ్గుల పెట్టె పక్కన పెట్టి ఆ చొక్కా ఆయన ముందు పరిచింది. "ఇంకాసేపు ఇలాగే మాట్లాడు బాబూ. నా పెట్టె కంటే నీ నోరే వేడిగా ఉంది, మడతలు వాటంతటవే పోతాయి" అంది.

ఆ పెట్టె ఇత్తడిది, బరువు. లోపల బొగ్గులు రాజేసి, అట్టముక్కతో విసిరి, అడుగుభాగం తడిగుడ్డ మీద ఒకసారి ఆనిస్తే సుయ్యిమని ఆవిరి లేస్తుంది. మూతకి చిల్లులు పెట్టిన సీసాతో నీళ్లు చిలకరించి, ముందు కాలరు, తర్వాత చేతులు, చివర్లో వీపు. ఏళ్ల తరబడి ఆ పెట్టె తోసీ తోసీ పిన్ని కుడిచెయ్యి ఎడమదానికంటే లావెక్కింది. అరచెయ్యి చెప్పు అట్టలా గట్టిపడిపోయింది. రాలిపడ్డ నిప్పుకణికని రెండు వేళ్లతో తీసి మళ్లీ పెట్టెలో వేసేస్తుంది. "కాలదా పిన్నీ?" అంటే, "కాలడానికి అక్కడ ఇంకా ఏం మిగిలిందని?" అంటుంది.

మొగుడు ఎప్పుడో వదిలేసి వెళ్లిపోయాడు. ఆ సంగతి ఎవరన్నా ఎత్తితే "ఈ పెట్టె ఆయనకంటే బరువే. కాకపోతే ఎటు తోస్తే అటు వెళ్తుంది" అని మాట మార్చేస్తుంది. ఉన్నది ఒక్క కూతురు. బట్టల కంపెనీలో దారాలు కత్తిరించే పని. అల్లుడు దూరంగా ఎక్కడో పనికి పోయి నెలకోసారి వస్తాడు. కూతురికి మొదటి కడుపు నిలవలేదు. రెండోది వచ్చాక పిన్ని ఆ పిల్లని బిందె కూడా ఎత్తనిచ్చేది కాదు.

నీళ్ల గొడవ మొదట బయటపడింది పిన్ని బల్ల మీదే. అలాగని పిన్ని కనిపెట్టిందని కాదు. తిట్లు పడింది, అంతే.

కాలనీ వెనకాల ఎప్పుడో రాయి తవ్వి వదిలేసిన పెద్ద గుంట ఉంది. మలుపు తిరిగిన రోడ్డు కాలనీ పక్కగా పోయి, ఆ గుంటని చుట్టి, అవతల ఇంకో పెద్ద రోడ్డులో కలుస్తుంది. మా బోర్లన్నీ ఆ గుంట చుట్టుపక్కలవే. ఆ ఎండాకాలం పిన్ని ఇస్త్రీ చేసిన తెల్లబట్టల మీద పసుప్పచ్చటి మరకలు రావడం మొదలైంది. ఉతికి ఆరేసినప్పుడు తెల్లగానే ఉండేవి. వేడి పెట్టె తగలగానే, ఎవరో లోపలినుంచి పైకి తోసినట్టు మరక లేచేది.

"పిన్నికి చెయ్యి పోయింది. బట్టలు కాల్చేస్తోంది" అని అందరికంటే గట్టిగా అన్నది మలుపులో ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన.

"నేను కాలిస్తే చిల్లు పడాలి కదయ్యా? ఇది మరక. నీ కొట్లో సబ్బు మార్చావేమో చూసుకో" అంది పిన్ని.

"నా సబ్బుకేం? బంగారం లాంటి సబ్బు."

"అందుకే పసుపు రంగు వస్తోంది కాబోలు."

నవ్వులాటలా మొదలైంది గానీ పిన్నికి బట్టలు వేసేవాళ్లు తగ్గిపోయారు. తర్వాత బోరునీళ్లలో నురగ వచ్చింది. ఆ తర్వాత వాసన. పిల్లల చేతులు దద్దుర్లెక్కాయి. అప్పుడు అందరూ గుంట దగ్గరికి వెళ్లి చూశారు. నీళ్లు మూడొంతులు ఎర్రగా, ఒక మూల నల్లగా ఉన్నాయి. ఊరి బయట రంగుల ఫ్యాక్టరీ నుంచి ట్యాంకర్లు మిట్టమధ్యాహ్నం వచ్చి గుమ్మరించి పోతున్నాయని తేలింది. ఆ వేళకి కాలనీలో పనికి పోయేవాళ్లంతా పనుల్లో ఉంటారు. మిగిలినవాళ్లు తలుపులు వేసుకుని కునుకు తీస్తుంటారు.

ఇక అర్జీలు, ఆఫీసుల చుట్టూ తిరగడాలు. వీటన్నిటికీ ముందు నడిచింది మాస్టారు. బళ్లో డ్రాయింగు చెప్పి రిటైరయిన మనిషి. నిరసనకని అట్టల మీద ఆయన గీసిన నల్లటి చచ్చిన చేపల బొమ్మలు ఇంకా కొన్ని గోడల మీద ఉన్నాయి. ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి, నీళ్లు సీసాల్లో పట్టి, మూతలు బిగించి, జీపెక్కి పోయారు. మళ్లీ కనపడలేదు.

"పట్టుకెళ్లినవాళ్లు ఏమైపోయారు మాస్టారూ? తాగి చూశారా ఏం?" అంది పిన్ని.

అప్పుడు పుట్టింది కంచాల ఆలోచన. ఎవరు ముందు అన్నారో గుర్తులేదు. లారీ గుంటకి పోవాలంటే పిన్ని పందిరి ముందే మలుపు తిరగాలి. అక్కడ గొయ్యి ఉంది కాబట్టి నెమ్మదించక తప్పదు. పిన్ని చూస్తుంది. చూడగానే కంచం కొడుతుంది. ఆ చప్పుడు విని కొట్టాయన భార్య కొడుతుంది. ఆమెది విని పక్కింటివాళ్లు, వాళ్లది విని వెనక వీధివాళ్లు. అలా చివరి ఇంటిదాకా అందుకుని, కొట్టుకుంటూనే అందరూ రోడ్డు మీదికొచ్చి కూచోవాలి.

మీటింగులో మాస్టారు ఒక్క నియమం పెట్టారు. "కంచం వినపడిందంటే ఎవరూ ఎందుకని అడగకూడదు. ఏ లారీ, నువ్వు చూశావా, ఖాయమేనా, ఇలాంటివి వద్దు. ఒక్కొక్కరూ అడుగుతూ కూచుంటే లారీ దులిపేసి పోతుంది. ముందు కొట్టండి, బయటికి రండి. తర్వాత చూసుకుందాం."

అందరం చప్పట్లు కొట్టాం. బాగుందనిపించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా, అది విన్నప్పుడు ఒళ్లు ఎలా పులకరించిందో గుర్తొస్తోంది.

మొదటిరోజు చూడాలి! పిన్ని కంచం అంచు మీద గరిటెతో ఒక్కటిచ్చింది. ఆ చప్పుడు ఇంటింటికీ అంటుకుంటూ పోయింది, ఎండుగడ్డికి నిప్పు పెట్టినట్టు. నిద్ర కళ్లతో, తడి చేతులతో, చంకన పిల్లలతో ఎక్కడెక్కడి ఆడవాళ్లో రోడ్డు మీదికి వచ్చిపడ్డారు. ట్యాంకరు డ్రైవరు కిందికి కూడా దిగలేదు. వెనక్కి, వెనక్కి, అలా వెనక్కే మెయిన్ రోడ్డుదాకా పోయి మాయమయ్యాడు. ఆ సాయంత్రం పిన్ని పందిరి దగ్గర జాతరే. కొట్టాయన తన చేత్తో టీ తెచ్చి ఇచ్చాడు.

"చెయ్యి పోయిందన్నావు కదయ్యా?" అంది పిన్ని.

"నేనెప్పుడన్నాను? నీ చెయ్యి బంగారం."

"అవునులే, నీ సబ్బులాగా."

పేపర్లో ఫోటో పడింది. కంచం పట్టుకుని పిన్ని, వెనక మేమంతా. ఇస్త్రీ పిన్ని పోయి కంచం పిన్ని అయింది. బట్టలు మూటలు మూటలుగా వచ్చాయి. పందిరి రాటకి మేకు కొట్టి కంచం తగిలించింది. పొద్దున్నే బొగ్గులు రాజేశాక, ముందు దాన్ని గుడ్డతో తుడిచేది. కూతురు వెక్కిరించేది.

"ఇంట్లో తినే కంచాలకి లేదు ఈ భోగం."

"అది అన్నం పెడుతుందే. ఇది నీ కడుపులో ఉన్నదాన్ని కాస్తోంది" అనేది పిన్ని.

ఫ్యాక్టరీవాళ్లు ఊరుకుంటారా? ట్యాంకర్లు మానేసి డ్రమ్ముల్లో నింపి, మామూలు లారీల్లో వేసి, పైన టార్పాలిను కట్టి పంపడం మొదలుపెట్టారు. మామూలు లారీలు ఆ దారిన అప్పుడప్పుడూ పోతూనే ఉంటాయి. ఏది ఏదో ఎలా తెలియాలి? పట్టుబడ్డ రెండు లారీల్లోనూ డ్రమ్ములు కారి, వెనక తలుపు సందుల్లోంచి రోడ్డు మీద చుక్కలు పడ్డాయి. అంతే, అదే గుర్తయిపోయింది.

"టార్పాలిను ఉండి, వెనక కారుతుంటే కొట్టెయ్" అన్నారు మాస్టారు.

"కారితే కొట్టుడే" అంది పిన్ని.

ఆ రోజు ఎండ మండిపోతోంది. మెయిన్ రోడ్డు ముందెక్కడో తవ్వేశారట, వాహనాలని మళ్లిస్తున్నారట. మాకెవరికీ తెలీదు. పిన్ని ఒక దుప్పటి సగం చేసి ఉంది. లారీ నెమ్మదిగా మలుపు తిరిగింది. టార్పాలిను గట్టిగా కట్టి ఉంది. వెనక తలుపు సందులోంచి ధారగా కారుతోంది. చుక్కలు కాదు, ధార.

పిన్ని పెట్టె పక్కన పెట్టి, కంచం అందుకుని కొట్టింది.

ఎవరూ ఎందుకని అడగలేదు. ఎప్పుడూ లేనంత తొందరగా జనం వచ్చేశారు. ఆ వారమే ఇద్దరు పిల్లలు వాంతులతో ఆస్పత్రిలో పడి ఉన్నారు, అందరికీ కడుపు రగిలిపోతోంది. డ్రైవరు సన్నటి మనిషి. మెడలో తడి తువ్వాలు. కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు. కంచాల మోతలో పెదాలు ఆడటమే కనిపించింది. చేతులు ఊపాడు. మోత ఇంకా పెరిగింది. అతను దిగి, లారీ వెనక్కి పరిగెత్తి, పైకెక్కి టార్పాలిను తాడు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇక్కడే దొర్లించేస్తున్నాడు!" అని ఎవరో అరిచారు.

రాయి ఎటునుంచి వచ్చిందో తెలీదు. ఒకటి లారీ రేకుకి తగిలింది. ఇంకొకటి అతని కణతకి తగిలింది. తాడు చేత్తో పట్టుకునే కిందపడ్డాడు. అతనితోపాటు టార్పాలినూ జారింది.

లోపల మంచుదిమ్మలు. రంపపుపొట్టులో పొదిగి, వరసగా పేర్చిన ఐసు. ఎండకి కరిగి కారుతోంది. చేపల మార్కెట్టుకి పోతోందట.

ముందున్నవాళ్ల కంచాలు ఆగిపోయాయి. వాళ్ల వెనకవాళ్లవి ఆగాయి. కానీ వెనక వీధుల్లో, కాలనీ చివర ఇళ్లలో ఇంకా మోగుతూనే ఉన్నాయి. వాళ్లకి తెలీదు కదా. అతను రోడ్డు మీద కాళ్లు కొట్టుకుంటున్నాడు, దూరంగా కంచాలు ఉత్సాహంగా మోగుతున్నాయి. పిన్ని అటు తిరిగి "ఆపండే! ఆపండే!" అని గొంతు చించుకుని అరిచింది. అంత దూరం ఎక్కడ వినపడుతుంది?

అతని లారీలోంచే ఐసు ముక్క పగలగొట్టి తెచ్చింది పిన్ని. ఇస్త్రీకి వచ్చిన దుప్పటిలోనే చుట్టి అతని తలకి అదిమిపట్టింది. ఆటో వచ్చేదాకా అలాగే కూచుంది. దుప్పటి ఎర్రబడింది. అతను మళ్లీ కళ్లు తెరవలేదు. ఆస్పత్రిలో వారం తిరక్కుండానే పోయాడు.

పోలీసులొచ్చారు. రాయి ఎవరు వేశారు? తెలీదు. కంచం ముందు ఎవరు కొట్టారు? అందరం. మీటింగు పెట్టి ఆ మాట అనమని చెప్పింది మాస్టారే.

"ఒక్కరి పేరు బయటికి వచ్చినా ఆ ఒక్కరినీ పట్టుకుని మొత్తం ఉద్యమాన్ని తొక్కేస్తారు. ఎవరు కొట్టారంటే అందరం కొట్టాం. అంతే."

"అందరం కొట్టాం సరే. ముందు కొట్టింది నేను కదా మాస్టారూ?" అంది పిన్ని.

"నిన్ను కొట్టమన్నది మేమేగా, పిన్నీ."

"చూసి కొట్టమన్నారు. నేను చూశానా?"

"కారుతోంది కదా! నేనున్నా కొట్టేవాణ్ణే" అన్నాడు కొట్టాయన.

"నువ్వు లేవుగా అక్కడ. నేనున్నాను."

పిన్ని అక్కణ్ణించి లేచి వెళ్లిపోయింది. ఇంట్లో కూతురు సముదాయించబోయింది. "నువ్వు రాయి వెయ్యలేదు కదమ్మా."

"రాయికి దారి చూపించింది ఎవరే మరి?"

కేసులో పేర్లు లేవు. "గుర్తు తెలియని కొందరు" అని రాసుకున్నారు. ఆ కొందరిలో ఎవరైనా ఉండొచ్చు. అందుకని ఇష్టం వచ్చినప్పుడు జీపు వచ్చేది, ఇష్టం వచ్చినవాణ్ణి తీసుకుపోయేది. మాస్టారిని రెండుసార్లు తీసుకెళ్లారు. రెండోసారి వచ్చాక ఆయన గేటు దాటి బయటికి రావడం తగ్గించారు. కొన్నాళ్లు ఊరుకుందాం అనుకున్నాం. లారీలు కూడా కొన్నాళ్లు రాలేదు. గుంట మీద గాలికి వాసన మాత్రం వచ్చేది.

అలాంటప్పుడు ఒక రోజు ఒక ఆడమనిషి ఆటో దిగి మలుపులో నిలబడింది. అటూ ఇటూ చూసి పందిరి దగ్గరికొచ్చింది. చేతిలో ఒక గుడ్డసంచి.

"అక్కా, ఐసు లారీ ఆయన్ని కొట్టింది ఇక్కడేనా?"

పిన్ని చేతిలో పెట్టె కాలరు మీద ఆగిపోయింది. కాలిన వాసన వచ్చాక తీసింది.

"ఇక్కడే."

"నేను ఆయన భార్యని. ఒకసారి చూసి పోదామని వచ్చాను." రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. అక్కడ చూడటానికేముంది, గొయ్యీ కంకరా తప్ప? "మీరున్నారా అప్పుడు?"

"ఉన్నాను."

"ఏదన్నా అన్నాడా?"

"ఏదో అన్నాడమ్మా. మోతలో వినపడలేదు."

"ఏం మోత?"

"కంచాలు."

అప్పుడు ఆవిడ రాటకి తగిలించిన కంచం చూసింది. దాని అంచు సొట్టలు చూసింది. "ఎవరు కొట్టారు?"

పిన్ని నోరు తెరిచింది. కొట్టుముందు నలుగురు నిలబడి చూస్తున్నారు. కొట్టాయన వద్దన్నట్టు చెయ్యి ఆడించాడు.

"అందరూ" అంది పిన్ని.

"అందరూ అంటే ఎవరూ కాదనేగా, అక్కా?" అంది ఆవిడ. కోపంగా కాదు, మామూలుగానే. తర్వాత బల్ల మీది చొక్కాని చేత్తో తడిమింది. "ఆయన ఇస్త్రీకి ఇచ్చేవాడు కాదు. పరుపు కింద పెట్టుకుని పడుకునేవాడు. పొద్దున్నే తీసి, చూడు, ఎంత బాగా వచ్చిందో అనేవాడు."

ఆటో హారను కొట్టింది. ఆవిడ వెళ్లిపోయింది. పిన్ని కంచాన్ని మేకు మీంచి తీసి బట్టల మూటల కింద తోసేసింది. ఆ రోజు ఇంకో బట్ట ముట్టుకోలేదు.

ఆ రాత్రి తల్లీకూతుళ్లకి గొడవైంది. పక్కిళ్లకి వినపడేంత గొడవ.

"ఆవిడ కోసం ఏడుస్తావు. నా కడుపులో ఉన్నది నీకు ఏమీ కాదా? మళ్లీ లారీలొస్తే ఏం చేస్తావు?"

"చూసి కొడతాను."

"చూసేలోపు పోతుంది!"

"పోతే పోయింది. ఇంకో మనిషిని చంపమంటావా?"

"నన్ను చంపుతున్నావు" అంది కూతురు.

లారీలు మళ్లీ మొదలయ్యాయి. మొదటిది ఎప్పుడు పోయిందో మాకు తెలీదు. పిన్ని చూసిన లారీ సంగతే చెప్తాను. మిట్టమధ్యాహ్నం. టార్పాలిను. వెనక సందులోంచి ధార, సరిగ్గా ఆ రోజులాగే. పిన్ని చెయ్యి మూటల కిందికి పోయింది, కంచం అంచు తగిలింది, అక్కడే ఆగింది. కంచం వదిలేసి రోడ్డు మీదికొచ్చి లారీకి అడ్డంగా నిలబడింది. గొయ్యి దగ్గర ఎలాగూ నెమ్మదించాడు, ఆపాడు.

"ఏం తీసుకెళ్తున్నావు బాబూ?"

డ్రైవరు కుర్రాడు. నవ్వాడు. "ఐసమ్మా. చేపల మార్కెట్టుకి."

ఆ మాట వాళ్లందరికీ నేర్పి పంపుతున్నారని మాకు తర్వాత తెలిసింది. మా కాలనీలో ఐసు అంటే చాలని ఫ్యాక్టరీలో గేటు దగ్గర కాపలావాడికి కూడా తెలుసట.

"టార్పాలిను విప్పి చూపించు నాయనా."

"విప్పితే కరిగిపోతుందమ్మా. ఇప్పటికే సగం పోయింది, చూడు కారుతోంది. పోనీ నువ్వే ఎక్కి చూస్తావా?" అన్నాడు. మళ్లీ గొంతు తగ్గించి, "మొన్న చూపించబోయినవాణ్ణేగా చంపేశారు?" అన్నాడు.

పిన్ని పక్కకి తప్పుకుంది. లారీ కదులుతుంటే వెనక్కి పరిగెత్తి, ఆ ధార కింద అరచెయ్యి పెట్టింది.

చల్లగా లేదు. వేడిగానూ లేదు. ఆ చేతికి ఏదన్నా తెలిసి ఎన్నేళ్లయిందని! ఎండకి కాగిన లారీ ఇనుము మీంచి కారితే ఐసునీళ్లయినా ఇలాగే ఉంటాయేమో. గుప్పెట మూసి రోడ్డు మధ్యలో నిలబడింది. వాసన చూసింది. ఏళ్ల తరబడి బొగ్గుపొగ పీల్చిన ముక్కు, దానికేం తెలుస్తుంది? లారీ కొట్టు దాటింది. మొదటి వీధి దాటింది. ఇంకా గుప్పెట మూసుకునే ఉంది పిన్ని.

అప్పుడు మొదలైంది మంట. ముందు వేళ్ల సందుల్లో, చర్మం మెత్తగా ఉన్నచోట. తర్వాత మణికట్టు మీద. గుప్పెట తెరిస్తే, నిప్పుకణికలకి కూడా కాలని ఆ అరచేతి మీద తోలు తెల్లగా ఉబ్బి, అంచులు లేస్తోంది.

పరిగెత్తింది. మూటలు లాగి పారేసి కంచం తీసింది. కుడిచేత్తో గరిటె పట్టుకోలేక ఎడంచేత్తో కొట్టింది. కొడుతూనే ఉంది.

కొట్టాయన భార్య బయటికొచ్చింది. చేతిలో కంచం లేదు. "ఏమైంది పిన్నీ? ఏం లారీ?"

"కొట్టవే! ముందు కొట్టు!"

"చూశావా నువ్వు? ఏముందో చూశావా?"

కొట్టాయన గల్లా దగ్గరే నిలబడి అరిచాడు. "ఖాయమేనా పిన్నీ? మళ్లీ కేసులంటే నా వల్ల కాదు, ఇప్పటికే మా అబ్బాయిని రెండుసార్లు తీసుకెళ్లారు."

పక్కింటి తలుపు తెరుచుకుంది. మేడ మీంచి ఇద్దరు తొంగిచూశారు. కొందరు గుమ్మాల్లోకి వచ్చి ఆగారు. ఒకరినొకరు అడుగుతున్నారు. ఎవరు చూశారు, ఏం చూశారు, డ్రమ్ములేనా, ఈసారైనా కరెక్టేనా. అడగకూడదన్న ప్రతి ప్రశ్నా అడిగాం ఆ రోజు. ఒక్క కంచం మోగుతోంది. ఎడమచేతి దెబ్బ, లయ కూడా కుదరడం లేదు. వెనక వీధికి ఆ చప్పుడు చేరలేదు.

మాస్టారింటి కిటికీ తెరుచుకుంది. మనిషి కనపడలేదు. కాసేపటికి మళ్లీ మూసుకుంది.

ఆఖరికి కూతురు వచ్చింది. నిండు కడుపు, నడుము మీద చెయ్యి, ఆయాసం. తల్లి ముందు నిలబడింది. మూటల కిందినుంచి కంచం ఎందుకు తియ్యవని ఇన్నాళ్లూ పోట్లాడిన పిల్ల, ఆ పిల్ల కూడా అడిగింది.

"అమ్మా, ఖాయమేనా?"

పిన్ని కంచం కొట్టడం ఆపింది. కుడిచెయ్యి చాపి చూపించింది.

ఆ చెయ్యి చూశాక వచ్చాం అందరం. ఇళ్లలోకి పరిగెత్తి కంచాలు తెచ్చుకున్నాం, వెనక వీధివాళ్లని పిలుచుకొచ్చాం. రోడ్డు నిండిపోయింది. కొందరు కొట్టారు కూడా. మొదటిరోజు ఎంతమంది ఉన్నారో అంతమందీ ఉన్నారు.

అప్పటికి లారీ గుంట దగ్గరినుంచి తిరిగొస్తోంది. టార్పాలిను విప్పేసి ఉంది. పైన ఖాళీ డ్రమ్ములు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. మా కంచాలన్నీ కలిపినా అంత మోత రాదు. ఖాళీ లారీని ఆపి ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. కుర్రాడు హారను కొట్టాడు. ముందున్నవాళ్లు వెనకవాళ్లని చూశారు. వెనకవాళ్లు ముందున్నవాళ్లని చూశారు.

పిన్ని ఒక్కతే రోడ్డు మధ్యలో ఉంది. కూతురు ఆవిణ్ణి భుజం పట్టుకుని పక్కకి లాక్కుంది.

మేమంతా జరిగి దారి ఇచ్చాం.